తస్వీర్‌లో సాయిస్ చెయ్యి

మా ఇంట్లో అబ్బా తస్వీరు చాలా ఏళ్లు ఒక్కటే ఉండేది. ఆ తస్వీర్లో అబ్బా లేడు. అబ్బా చెయ్యి మాత్రమే ఉంది.

మలక్‌పేట రేస్‌కోర్సులో ఒక సాయంత్రం, గెలిచిన గుర్రం పక్కన తీసిన ఫోటో అది. మధ్యలో చెమటతో మెరుస్తున్న కుమ్మైత్ గుర్రం. దాని మీద జాకీ. పక్కన సూటు వేసుకున్న ఓనరు, ఆయన బేగం, ట్రైనరు, ఇంకెవరో చుట్టాలు. ఎడమ అంచున లగాం పట్టుకున్న ఒక చెయ్యి. మణికట్టు దగ్గరే ఫోటో అయిపోతుంది. వేలికి అఖీఖ్ ఉంగరం ఉంది కాబట్టి అది మా అబ్బా చెయ్యి అని మాకు తెలుసు. అమ్మీ ఆ ఫోటోని రేషన్ కార్డుతో పాటు పెట్టెలో దాచేది. ఈద్‌కి కొత్త బట్టలు తీసేటప్పుడు అదీ బయటికొచ్చేది. "యే దేఖో, తుమారే అబ్బా" అని ఆ చెయ్యిని చూపించేది. మేం పిల్లలం నవ్వేవాళ్లం. అమ్మీ నవ్వేది కాదు.

అబ్బా సాయిస్. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. ఫజర్ అజాన్ కంటే ముందే లేచి సైకిల్ మీద తబేలాకి పోయేవాడు. లీద్ ఎత్తడం, కింద పరిచిన గడ్డి మార్చడం, కాళ్లు తడిమి ఎక్కడైనా వేడిగా ఉందేమో చూడడం, ఖరారాతో ఒళ్లు రుద్దడం, ట్రాక్ మీదికి నడిపించుకుపోవడం, పరుగయ్యాక ఒళ్లు చల్లబడేదాకా తిప్పడం, దాణా కలపడం. మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని, కాసేపు నడుం వాల్చి, మళ్లీ పోయేవాడు. గుర్రానికి కడుపునొప్పి వచ్చిందంటే ఆ రాత్రి ఇంటికి రాడు.

నాకు సాయిస్ అనే మాట పలకాలంటే సిగ్గు. ఉర్దూ మీడియం స్కూల్లో నన్ను "ఘోడేవాలే కా బేటా" అనేవాళ్లు. అది ఒకెత్తు. రేసు అంటే జువా కదా, అది ఇంకో ఎత్తు. మా గల్లీలో దీన్‌దార్ కుటుంబాలు ఎక్కువ. మా ఆపాకి వచ్చిన ఒక మంచి రిష్తా, "లడ్కీ కే అబ్బా కీ కమాయి ఘుడ్‌దౌడ్ కీ హై" అన్న ఒక్క మాట మీద వెనక్కి పోయింది. ఆ రాత్రి దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని అబ్బా ఇంతే అన్నాడు: "మైఁ ఘోడే పే పైసా నై లగాతా. ఘోడేకు ఖిలాతా హూఁ." గుర్రం మీద డబ్బు పెట్టను, గుర్రానికి తిండి పెడతాను అని. అంతకంటే వాదించడం ఆయనకు రాదు. పందెం హరాం అన్న విషయంలో నాకు అప్పుడూ ఇప్పుడూ షక్ లేదు. కానీ నోరులేని జీవానికి నీళ్లు పెట్టే చేతిని కూడా అదే కాటాలో తూచడం నాకు మింగుడు పడలేదు.

మక్తబ్‌లో సూరె ఆదియాత్ నేర్చుకున్న రోజు ఉస్తాద్ మతలబ్ చెప్పారు. పరిగెత్తే గుర్రాల మీద, వాటి గిట్టల కింద రేగే నిప్పురవ్వల మీద అల్లాహ్ ప్రమాణం చేసి మాట మొదలుపెట్టాడని. ఇంటికొచ్చి అబ్బాకి చెప్పాను. అబ్బా చదువుకోలేదు. చాలాసేపు ఖామోష్‌గా ఉండి, "ఫిర్ సే బోల్" అన్నాడు. మళ్లీ చెప్పాను. మర్నాడు పొద్దున సైకిల్ ఎక్కే ముందు నన్ను నిద్ర లేపి ఇంకోసారి చెప్పించుకున్నాడు.

అయినా నా సిగ్గు పోలేదు. డిగ్రీలో పట్టుబట్టి తెలుగు తీసుకున్నాను. ఒక రోజు క్లాసులో కాకతీయుల సంగతి వచ్చింది. గణపతిదేవుడి దగ్గర గంగయ సాహిణి అనే కాయస్థ సేనాని ఉండేవాడు, సాహిణి అంటే గుర్రాల దండును చూసుకునే అధికారి అన్నారు సార్. నా చెవికి అది సాయిస్ లాగే వినిపించింది. సాయిస్ అరబ్బీ నుంచి వచ్చిన మాట, సాహిణి వేరే మాట. అయినా ఒళ్లు ఝల్లుమంది. పక్కన కూర్చున్న దోస్తు అప్పుడే అడిగాడు, మీ నాన్నేం చేస్తారని. "రేస్‌కోర్సులో ఉద్యోగం" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ జవాబుతో ఇరవై ఏళ్లకు పైగా నెట్టుకొచ్చాను. తెలుగు పేపర్లో రిపోర్టర్‌గా చేరాక అదే జవాబు. నికాహ్ మాటలప్పుడు అదే జవాబు. 2009లో అబ్బా పోయాక పుర్సాకి వచ్చిన ఆఫీసు వాళ్లకీ అదే జవాబు.

నేను పేపర్లో రాసింది ఎక్కువగా సియాసత్ మీద. సాయిస్, సియాసత్ రెండూ అరబ్బీలో ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలని చాలా ఆలస్యంగా తెలిసింది. గుర్రాన్ని సంబాళించడం, రాజ్యాన్ని సంబాళించడం ఒకే వేరు నుంచి వచ్చాయట. అబ్బా ఉండి ఉంటే ఈ మాట కూడా రెండుసార్లు చెప్పించుకునేవాడు.

2020లో కరోనా వచ్చి చాలామంది జర్నలిస్టుల నౌకరీలు పోయాయి. నాదీ పోయింది. చేతిలో కెమెరా ఉంది. షాదీలు, వలీమాలు, స్కూలు ఫంక్షన్లు ఏవి దొరికితే అవి తీశాను. ఆ రోజుల్లో ఒక డిజైనర్ దోస్తు ఫోన్ చేశాడు. పూణె దగ్గర ఒక స్టడ్ ఫామ్ ఉంది, వాళ్ల స్టాలియన్ల బ్రోషర్‌కి ఫోటోలు కావాలి. ముందు వెళ్లిన ఫోటోగ్రాఫర్‌కి సాయిస్‌లతో కుదరక సగంలో వచ్చేశాడు. "నీకు ఉర్దూ వచ్చు కదా, పోతావా?" అన్నాడు. ఉర్దూ వచ్చు అన్నాను. మిగతాది చెప్పలేదు.

స్టడ్ ఫామ్ అంటే రేసు గుర్రాలను పుట్టించి పెంచే చోటు. రేసు గుర్రాల జాతి పేరు థరోబ్రెడ్. దీంట్లో ఒక ఖాయిదా ఉంది. ఆవులకూ బర్రెలకూ చేసినట్టు సూదితో చూలు కట్టిస్తే, ఆ పిల్లను స్టడ్ బుక్‌లో రాసుకోరు. మగ గుర్రం, ఆడ గుర్రం స్వయంగా కలవాల్సిందే. అందుకే ఒక మంచి స్టాలియన్‌కి అంత ధర. గుర్రీల యజమానులు వేరే ఊళ్ల నుంచి ఎంచుకుంటారు. వంశం చూస్తారు, గెలిచిన రేసులు చూస్తారు, ఆ తర్వాత చూసేది ఫోటోనే.

ఆ ఫోటోకి కొలతలున్నాయి. గుర్రాన్ని ఎడమ పక్క నుంచి తీయాలి. నాలుగు కాళ్లూ కనబడాలి. మనవైపున్న ముందు కాలు రవ్వంత ముందుకి, వెనక కాలు రవ్వంత వెనక్కి ఉండాలి. నేల సమంగా ఉండాలి. కెమెరా గుర్రం పొట్ట ఎత్తులో ఉండాలి. దగ్గర నుంచి తీస్తే తల పెద్దదిగా, వెనక భాగం చిన్నదిగా వస్తుంది కాబట్టి దూరంగా నిలబడి పొడవాటి లెన్స్‌తో తీయాలి. మెడ చాచి, రెండు చెవులూ ముందుకి నిక్కించి చూడాలి. ఆఖరిదే అసలు కష్టం. అయిదు వందల కిలోల జీవం, దానికి ఇష్టమైతేనే చెవులు నిక్కిస్తుంది.

డిసెంబరులో వెళ్లాను. ఫిబ్రవరి మధ్య నుంచి జత కలిపే సీజన్ మొదలవుతుంది, ఆలోపే బ్రోషర్ అచ్చు కావాలి. పొద్దున్నే పొగమంచు. తబేలా ముందు ఒక పెద్దాయన, తెల్ల గడ్డం, తలకి మఫ్లర్, చేతిలో ఖాళీ బకెట్టు. అరవై దాటి ఉంటాయి. గుల్బర్గా మనిషి. చిన్నప్పుడు కుణిగల్‌లో పని నేర్చుకున్నాడట. హైదర్ అలీ, టిప్పుల కాలం నుంచీ గుర్రాలు పెంచిన నేల అని ఆ ఊరికి పేరు. అందరూ ఆయన్ని చాచా అంటున్నారు. నేనూ చాచా అనే పిలిచాను. సలాం చెప్పి నేరుగా మొదటి గుర్రం వైపు కెమెరా ఎత్తాను.

"రుకో మియాఁ" అన్నాడు చాచా. "ముఝే సలాం కరే. ఉనోంకు?" నాకు చేశావు, వాళ్లకో అని.

ఆ ఫామ్‌లో అప్పుడు నాలుగు స్టాలియన్లు. ఆఫీసు కాగితాల్లో వాటికి పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లు. సాయిస్‌లకి వాటితో పని లేదు. రంగు పేరో ముద్దు పేరో పెట్టి పిలుచుకుంటారు.

మొదటిది కుమ్మైత్. ఒంటి రంగు ఖర్జూరపు పండు, జూలూ తోకా నలుపు. దీన్ని నవాబ్ సాబ్ అంటారు. బయటికి తీసుకురాగానే నేను చెప్పకముందే మెడ ఎత్తి దూరంగా కొండ వైపు చూస్తూ నిలబడింది. షట్టర్ చప్పుడు ఆగితే నా వైపు తిరిగి చూసింది, అయిపోయిందా అన్నట్టు. అమెరికాలో సెక్రెటేరియట్ అని ఒక గుర్రం ఉండేది. 1973లో బెల్మాంట్ రేసుని 31 లెంగ్తుల తేడాతో గెలిచింది. ఆ తర్వాత కెంటకీలోని క్లెయిబోర్న్ ఫామ్‌లో స్టాలియన్‌గా ఉన్న రోజుల్లో, కెమెరా కనబడితే పోజు ఇచ్చేదని చూసినవాళ్లు చెబుతారు. నేను అది కథ అనుకునేవాణ్ని. నవాబ్‌ని చూశాక నమ్మాను. నవాబ్ పని పది నిమిషాల్లో అయిపోయింది.

రెండోది సురంగ్, రాగి రంగు. దీని పేరు దూల్హే మియాఁ. ఎక్కడో దూరంగా ఒక ఘోడీ సకిలిస్తే చాలు, ఇది తోక ఎత్తి, నేల తవ్వి, తబేలా అదిరేలా జవాబిస్తుంది. పై పెదవి పైకి మడిచి గాలి వాసన చూస్తుంది. పళ్లు బయటపడి నవ్వినట్టుంటుంది గానీ నవ్వు కాదు, వాసనను లోపలికి లాగడం. నాలుగు కాళ్లూ ఒక చోట నిలవవు. రెండు గంటలు పోయాయి. చాచా నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. "బారాత్ నికల్‌నే దో" అన్నాడు. ఘోడీలని దూరం పాడక్‌లోకి తోలేదాకా ఆగి, దూల్హాని అరగంట నడిపించి తెచ్చాడు. నాలుగు నిమిషాలు బుద్ధిగా నిలబడింది. అవి చాలు.

మూడోది ముష్కీ, దాదాపు నలుపు. నలుగురిలో చిన్నవాడు, అందగాడు. నన్ను చూడగానే వెనక్కి వెనక్కి పోయింది. చెవులు ఒకటి ఇటు ఒకటి అటు. కంట్లో తెల్ల గుడ్డు కనబడుతోంది. నేను నెమ్మదిగా జరిగితే అదీ జరిగింది. లెన్స్ చూసి భయమేమో అని దించాను. అయినా అంతే. చాచా నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఆప్ బ్యాగ్ కాయ్కు లటకాయే?"

నా భుజానికి నల్ల కెమెరా బ్యాగు ఉంది. పశువుల డాక్టరు కూడా అలాంటి నల్ల బ్యాగుతోనే వస్తాడట. అలాగే ఎడమ పక్క నుంచి. మెడలో సూది గుచ్చి పోతాడు. ముష్కీకి నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు, సూది మనిషిని. బ్యాగుని చెట్టు వెనక పెట్టి, ఖాళీ చేతులతో వెళ్లి, భుజం దగ్గర నిలబడమన్నాడు. మొహానికి ఎదురుగా పోవద్దన్నాడు. గుర్రానికి నుదుటి ముందు, తోక వెనక కొంత మేర కనబడదు. అక్కడి నుంచి వచ్చేవాడు దానికి ఉన్నట్టుండి ఊడిపడినట్టే. "బాత్ కరో" అన్నాడు. ఏం మాట్లాడాలి? నాకు తెలియకుండానే నా నోట్లోంచి అబ్బా మాట వచ్చింది. నాలుక అంగిలికి తగిలించి రెండుసార్లు చప్పుడు చేసి, "ఆ మేరే షేర్, ఆ" అని. ముష్కీ చెవి నా వైపు తిరిగింది. చాచా ఏమీ అనలేదు గానీ నన్ను ఇంకోసారి చూశాడు.

నాలుగోది సబ్జా. పుట్టినప్పుడు నల్లగా ఉండి, ఏటికేడు తెల్లబడే రకం. పదిహేడేళ్లు వచ్చేసరికి పూర్తిగా తెల్లగా అయింది. ఇది కరుస్తుంది. చాచా కుడి చేతి చూపుడు వేలు సగం లేదు. అది సబ్జా తీసుకున్నదే. అలాంటివి పేరున్న గుర్రాల్లోనూ ఉన్నాయి. అమెరికాలో హేలో అనే స్టాలియన్‌కి ఎప్పుడూ మూతికి బుట్ట కట్టి ఉంచేవాళ్లట, అంత కోపిష్టి. దాని కొడుకు సండే సైలెన్స్ 1989లో కెంటకీ డర్బీ గెలిచింది. అమెరికాలో దాన్ని స్టాలియన్‌గా కోరుకున్నవాళ్లు తక్కువ. జపాన్ వాళ్లు కొనుక్కుపోయారు. అక్కడ అది ఏళ్ల తరబడి నంబర్ వన్ స్టాలియన్‌గా నిలిచింది.

"ఇది మీ వేలు తీసింది కదా, ఇంకా మీరే ఎందుకు చూస్తున్నారు?" అని అడిగాను.

"గల్తీ మేరీ థీ" అన్నాడు. ఆ రోజు లగాం బిగించి పట్టుకున్నాడట. సబ్జాకి బిగింపు పడదు. తాడు వదులుగా పట్టుకుని, నోట్లో ఏదో ఒకటి పెడితే చాలు. చాచా తన మఫ్లర్ తీసి చుట్టి ఇచ్చాడు. సబ్జా దాన్ని పళ్ల మధ్య పట్టుకుని, తమలపాకు నములుతున్న పెద్దమనిషిలా నిలబడింది. కానీ నోట్లో మఫ్లర్‌తో బ్రోషర్ ఫోటో ఎలా తీయడం? ఆ రోజంతా ప్రయత్నించాం. మఫ్లర్ తీయగానే చెవులు వెనక్కి, పళ్లు ముందుకి.

రాత్రి చాచా గదిలో జొన్న రొట్టె, పప్పు తిన్నాం. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. సబ్జాకి గిరాకీ తగ్గింది. పోయిన సీజన్లో వచ్చిన ఘోడీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈసారి కూడా రాకపోతే అమ్మేస్తారు. ఎవరు కొంటారో, ఎక్కడికి పోతుందో తెలియదు. "కాట్‌తా హై. దూస్రే లోగాఁ మారింగే ఉస్కు" అన్నాడు. కరుస్తుంది కాబట్టి వేరేవాళ్లు కొడతారని. వేలు పోయినందుకు లేని దుఃఖం ఆ మాటకి వచ్చింది.

నాకు ఫెర్డినాండ్ గుర్తొచ్చింది. 1986లో కెంటకీ డర్బీ గెలిచిన గుర్రం. మర్నాటి ఏడు అమెరికా మొత్తంలో మేటి గుర్రం అనిపించుకుంది. 1994లో జపాన్‌కి అమ్మారు. స్టాలియన్‌గా గిరాకీ తగ్గింది. 2002లో కబేలాకి పోయింది. ఆ కబురు ఏడాది తర్వాత బయటపడి జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ 2003లోనే కెంటకీలో మైఖేల్ బ్లోవెన్ అనే ఆయన, బోస్టన్ గ్లోబ్ పత్రికలో సినిమాల గురించి రాసిన జర్నలిస్టు, ముసలి రేసు గుర్రాల కోసం ఓల్డ్ ఫ్రెండ్స్ అనే ఫామ్ పెట్టాడు. ఇవేవీ చాచాకి చెప్పలేదు. ఫెర్డినాండ్ సంగతి చెప్పకుండా రెండోది చెప్పలేను.

మర్నాడు ఎండ ఇంకా పలచగా ఉండగానే మొదలుపెట్టాం. చాచా ఉపాయం చెప్పాడు. మఫ్లర్ ఇచ్చి, నేను సిద్ధంగా ఉన్నప్పుడు లాగేస్తాడు. అది పోయిందేమిటని వెతుక్కునే ఒక్క క్షణం సబ్జా చెవులు ముందుకొస్తాయి. ఆ క్షణంలో నొక్కాలి. నుదుటి మీద సుడి స్పష్టంగా పడాలని కూడా చెప్పాడు. మనం "వాడికి సుడి ఉంది" అంటామే, గుర్రాల వాళ్లకి అది మాటవరస కాదు. నుదుటి వెంట్రుకల సుడి ఎక్కడుందో చూసి మంచీ చెడూ చెప్పేవాళ్లు. ఉర్దూలో భౌఁరీ అంటారు. నసీబ్ మాట ఎలా ఉన్నా, గుర్రం గుర్తింపు కాగితాల్లో ఆ సుడులు ఎక్కడున్నాయో ఇప్పటికీ బొమ్మ మీద గుర్తుపెట్టి రాస్తారు.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. చాచా లగాం పట్టుకుని చెయ్యి పూర్తిగా చాచి, ఒళ్లంతా ఫ్రేము అవతలికి వంచాడు. ముప్పై, నలభై ఏళ్ల అలవాటు.

"మేరా హాత్ నై ఆరా నా ఫోటో మేఁ?" అన్నాడు. నా చెయ్యి ఫోటోలో రావడం లేదు కదా అని.

కెమెరా కంటి దగ్గరే ఉంది. ఎదురుగా ఆ చెయ్యి. అది మలక్‌పేట ఫోటోలోని చెయ్యే. ఉంగరం లేదు, సగం వేలు లేదు, అంతే తేడా. సబ్జా చెవులు ముందుకొచ్చాయి, పోయాయి. నేను నొక్కలేదు.

"క్యా హువా?"

"కుఛ్ నై చాచా. ఫిర్ సే."

మఫ్లర్ కథ ఇంకో పదకొండు సార్లు నడిచింది. పన్నెండోసారి ఫోటో వచ్చింది. చెవులు, సుడి, నాలుగు కాళ్లు, కళ్లలో కొంటెతనం. చాచాకి చూపిస్తే మురిసిపోయాడు. మాషా అల్లాహ్ అని గుర్రం మెడ తట్టాడు. సబ్జా ఆయన భుజం కరవబోయి, ఊరుకుంది.

ఆఫీసు నుంచి ముందే హుకుం ఉంది. మనిషి కనబడకూడదు, చెయ్యి వస్తే కంప్యూటర్లో తీసేయండి అని. అది వాళ్ల తప్పని అనను. బ్రోషర్లో గుర్రమే కనబడాలి, కొనేవాడికి కావాల్సింది గుర్రమే. కానీ ఈ నాలుగు గుర్రాల ఫోటోల్లో నేను తీసిందేమిటి? నవాబ్ ఒక్కడిని వదిలేస్తే, తక్కినవన్నీ చాచాకి తెలిసిన విషయాల ఫోటోలు. దూల్హా ఎప్పుడు చల్లబడతాడు, ముష్కీ ఎందుకు భయపడతాడు, సబ్జాకి ఏం కావాలి. ప్రపంచంలోని థరోబ్రెడ్లన్నీ మగ వంశం లెక్కలో మూడు గుర్రాల దగ్గరికే చేరతాయి. మూడూ మన తూర్పు దేశాల వైపు నుంచి ఇంగ్లండుకి పోయినవే. ఒకటి 1704లో హలబ్ నుంచి, అంటే సిరియాలోని అలెప్పో నుంచి ఓడెక్కింది. కొన్న కుటుంబం పేరు మీద అది డార్లీ అరేబియన్ అయింది. తక్కిన రెండిటికీ యజమానుల పేర్లే: బయర్లీ టర్క్, గొడాల్ఫిన్ అరేబియన్. ఎడారిలో వాటికి నీళ్లు పెట్టినవాడి పేరు మీద ఏదీ లేదు.

పేరు మిగిలిన సాయిస్ ఒకడున్నాడు. మ్యాన్ ఓ వార్ అనే గుర్రం 21 రేసుల్లో 20 గెలిచింది. కెంటకీలో దాన్ని చూసుకున్న నల్లజాతి మనిషి విల్ హార్బట్. చూడ్డానికి వచ్చే వేలమందికి దాని కథ తనే చెప్పేవాడు. 1941లో ఒక పెద్ద అమెరికా పత్రిక ముఖచిత్రం మీద గుర్రంతో పాటు ఆయన బొమ్మా వేశారు. 1947 అక్టోబరులో హార్బట్ పోయాడు. నెల తిరగకుండా, నవంబరు 1న, మ్యాన్ ఓ వార్ పోయింది. గుర్రం బెంగతోనే పోయిందని జనం అనుకుంటారు. ఆ మాట నేను తేల్చలేను. ఇద్దరి పేర్లూ ఇప్పటికీ కలిపే పలుకుతారు, అది మాత్రం నిజం.

పని అయ్యాక చాచాని అడిగాను, ఇప్పుడు సబ్జాతో మీ ఫోటో ఒకటి తీస్తాను, పక్కన నిలబడండి అని. ఒప్పుకోలేదు. బట్టలకి లీద్ అంటుకుంది అన్నాడు. గడ్డం దువ్వుకోలేదు అన్నాడు. ఆఫీసు వాళ్లు ఏమనుకుంటారో అన్నాడు. ఆఖరికి నన్ను సూటిగా చూసి అడిగాడు.

"ఘోడేకు బులానే కా వో ఆవాజ్ ఆప్ కహాఁ సీఖే? ఆప్ కే అబ్బా క్యా కర్తే థే?"

ఇరవై ఏళ్ల జవాబు నాలుక చివరికి వచ్చింది. రేస్‌కోర్సులో ఉద్యోగం. సబ్జా మఫ్లర్ నములుతోంది. చుట్టూ ఎవరూ లేరు.

"సాయిస్ థే" అన్నాను. "మలక్‌పేట మేఁ."

చాచా ఏమీ ఆశ్చర్యపోలేదు. తల ఊపి, సబ్జా తాడు నా చేతిలో పెట్టాడు. "ఢీలా పకడ్" అన్నాడు. వదులుగా పట్టుకో అని. అప్పటిదాకా ఆప్ అన్నవాడు నువ్వులోకి దిగాడు. తను పోయి కుళాయి దగ్గర మొహం కడుక్కుని, టోపీ పెట్టుకుని వచ్చాడు. ఆ అయిదు నిమిషాలు సబ్జా తాడు నా చేతిలో ఉంది. అది నా జేబు వాసన చూసింది, మోచెయ్యి వాసన చూసింది, కరవలేదు. నేను దాన్ని చూడలేకపోయాను, కళ్లు నిండిపోయి.

బ్రోషర్ వచ్చింది. నాలుగు గుర్రాలు, నాలుగు పేజీలు, చేతులు లేవు. సబ్జా పేజీ బాగుందని డిజైనర్ అన్నాడు. ఆ ఫోటో వల్లో, ఫీజు తగ్గించడం వల్లో, ఆ సీజన్‌కి సరిపడా ఘోడీలు వచ్చాయట. సబ్జాని అమ్మలేదు. వచ్చే ఏటి సంగతి అల్లాహ్‌కే ఎరుక.

చాచా ఫోటోని పెద్ద సైజులో ప్రింట్ వేయించి పోస్టులో పంపాను. పది రోజులకి వాట్సాప్‌లో ఆయన గొంతు వచ్చింది. ఫోటో ఇంట్లో పెట్టుకోలేదట. సబ్జా గదిలో, దాణా గూటి పైన గోడకి అంటించాడట, ఇద్దరం కలిసి చూసుకోవచ్చని. "ఖా గయా కమ్‌బఖ్త్" అన్నాడు. "మేరీ ఆధీ షకల్ ఖా గయా. దూస్రీ భేజ్ బేటా, ఉప్పర్ లగాతూఁ." సగం మొహం తినేసిందట, ఇంకోటి పంపితే ఈసారి ఎత్తులో పెడతాడట.

రెండోది పంపాను. స్టూడియోకి వెళ్లినప్పుడు పెట్టెలోంచి మలక్‌పేట ఫోటో కూడా పట్టుకెళ్లి ఫ్రేమ్ కట్టించాను. ఇప్పుడది మా హాల్లో ఉంది. ఇంటికొచ్చినవాళ్లు సూటాయన వైపు వేలు పెట్టి, ఈయనేనా మీ నాన్నగారు అని అడుగుతారు. కాదు, ఆ చెయ్యి మా అబ్బాది, సాయిస్‌గా చేసేవాడు అని చెబుతాను.